ఆరు వివరాలు కలిశాయి, మనిషి మాత్రం వేరు

విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ మెడిసిన్ విభాగానికి ఒక సీనియర్ డాక్టరుని తీసుకోవాలనుకుంది. ఇంటర్వ్యూ అయింది, జీతం మాట్లాడుకున్నారు, చేరే తేదీ కూడా ఖాయం చేసుకున్నారు. ఆఖర్న వేరే నగరంలోని ఒక వెరిఫికేషన్ సంస్థ నుంచి రిపోర్టు వచ్చింది. అందులో ఒక పేరా ఆ నియామకాన్ని ఆపేసింది. ఈ డాక్టరు మీద పొరుగు రాష్ట్రంలో ఒక వినియోగదారుల ఫోరం ఉత్తర్వు ఉందని, అక్కడి మెడికల్ కౌన్సిల్ ఈయన పేరుని మూడు నెలలపాటు రిజిస్టరు నుంచి తొలగించిందని, ఈ రెండు సంగతులూ దరఖాస్తులో దాచారని ఆ పేరా చెబుతోంది.

నేను చేసే పని ఇదే. డాక్టర్లు, నర్సులు, ఆడిటర్లు, లెక్చరర్ల అర్హత పత్రాలనీ వాళ్ల పేరుమీద బయట కనిపించే రికార్డుల్నీ సరిచూసి పెడతాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆసుపత్రులూ కాలేజీలూ అడుగుతుంటాయి. ఆ ఆసుపత్రి మేనేజరు గారికి రిపోర్టు చదివాక కూడా మనసు ఒప్పలేదు. 'ఇరవై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కలే పనిచేసిన మనిషండీ, ఒకసారి మళ్లీ చూడండి' అని నాకు అప్పజెప్పారు.

డాక్టరు గారిని ఈ రాతలో సూర్యనారాయణ గారు అంటాను. అసలు పేరు అది కాదు, కానీ అలాంటిదే. ఇంటిపేరు, ఊరి పేరు రాయడం లేదు. ఒకటి రెండు సంవత్సరాలు అటూ ఇటూ జరిపాను. కేసు నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే. ఇందులో ఉన్న ఇద్దరు డాక్టర్లూ సరేనన్నాకే రాస్తున్నాను.

రిపోర్టులో ఏముంది

రిపోర్టు చూడటానికి పద్ధతిగానే ఉంది. అభ్యర్థి ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరుతో ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ నమోదు సరిచూశారు, సరిపోయింది. డిగ్రీలు నిజమైనవే. ఆ తర్వాత 'ప్రతికూల సమాచారం' అనే శీర్షిక కింద మూడు కాగితాలు జతచేశారు. ఒకటి 2009 నాటి వినియోగదారుల ఫోరం ఉత్తర్వు. 2008లో ఒక రోగికి జరిగిన చికిత్స గురించి. రెండోది ఆ తర్వాత వచ్చిన ఒక పత్రికా వార్త, డాక్టరు పేరు రిజిస్టరు నుంచి తాత్కాలికంగా తీసేశారని. మూడోది డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇప్పించే ఒక ప్రైవేటు వెబ్‌సైటులోని పేజీ. అందులో మన అభ్యర్థి ఫోటో ఉంది, దాని కింద పొరుగు రాష్ట్రంలోని క్లినిక్ చిరునామా ఉంది.

వీటన్నిటిదీ ఒకే మనిషి అని ఎలా తేల్చారు? రిపోర్టులోనే రాశారు: పేరు, ఇంటిపేరు, సొంత ఊరు, చదివిన కాలేజీ, స్పెషాలిటీ, తండ్రి పేరు. 'ఆరు వివరాలు సరిపోయాయి, పొరపాటుకి అవకాశం చాలా తక్కువ' అని ముగించారు.

ఈ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఆరు కలిశాయంటే బయటివాళ్లకి బలమైన రుజువులాగే కనిపిస్తుంది. ఈ జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకి మాత్రం ఆ ఆరూ ఒకదాన్నొకటి పట్టుకుని వస్తాయని వెంటనే తెలుస్తుంది.

మన దగ్గర పేర్లు ఎలా వస్తాయి

ఉత్తరాంధ్రలో పేర్లు చాలావరకు దేవుళ్ల నుంచీ తాతల నుంచీ వస్తాయి. సింహాచలం అప్పన్న పేరున అప్పన్న, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనర్సమ్మ, సింహాద్రి, సింహాచలం. అరసవల్లి దేవుడి పేరున సూర్యనారాయణ, భాస్కరరావు. శ్రీకూర్మం వల్ల కూర్మారావు, కూర్మినాయుడు. శ్రీముఖలింగం వైపు ముఖలింగం. విజయనగరం అమ్మవారి పేరున పైడిరాజు, పైడితల్లి, పైడమ్మ. శంబర పోలమాంబ పేరున పోలినాయుడు, పోలమ్మ. ఇంకా అసిరినాయుళ్లు, అసిరమ్మలు. ఒక బడిలో హాజరు పిలిస్తే ఒకే పేరుకి ముగ్గురు లేచి నిలబడటం ఇక్కడ ఎవరికీ వింత కాదు.

దీనికితోడు తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉంది. తాతకి నలుగురు కొడుకులుంటే నాలుగిళ్లలోనూ మొదటి మగపిల్లాడికి తాత పేరే పెట్టొచ్చు. అందరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు. ఇంట్లో వాళ్లకి ఇబ్బంది ఉండదు, పెద్ద సూర్యం, చిన్న సూర్యం అని పిలుచుకుంటారు. బడిలో వేసేటప్పుడు ఆ 'పెద్ద', 'చిన్న' రెండూ గుమ్మం దగ్గరే ఉండిపోతాయి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇద్దరికీ అక్షరం తేడా లేకుండా ఒకే పేరు పడుతుంది. ఇక జీవితాంతం ప్రతి డిగ్రీ మీద, ప్రతి లైసెన్సు మీద అదే.

తండ్రి పేరు తేడా చూపిస్తుంది కదా అనుకుంటాం. మామూలుగా చూపిస్తుంది. ఈ కేసులో తండ్రులిద్దరూ సొంత అన్నదమ్ములు, ఇద్దరికీ అప్పన్న పేరే. ఒకరు అప్పలనాయుడు, రెండోవారు అప్పలస్వామినాయుడు. పాత కాగితాల్లో గుమస్తాలు పొడుగు పేర్లు కుదించి రాసేవారు. ఇద్దరూ 'ఎ. నాయుడు' అయిపోయారు. మనుషుల్ని వేరు చేయాల్సిన వివరమే ఇక్కడ ఇద్దరినీ ఒకటి చేసింది.

ఆరు కాదు, ఒకటే

మిగతావీ చూద్దాం. ఇద్దరూ విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. అది 1923లో మొదలైన కాలేజీ. నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ 2002లో వచ్చింది, శ్రీకాకుళంలో రిమ్స్ మెడికల్ కాలేజీ 2008లో వచ్చింది. అంతకుముందు ఈ వైపు పిల్లాడికి మెడిసిన్ సీటు వచ్చిందంటే ఎక్కువమంది నోట వచ్చే మాట విశాఖే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోని వాళ్లకి ఇక్కడి కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానిక కోటాగా ఉండేవి. అంటే ఆ ఊరివాడు డాక్టరయ్యాడని తెలిస్తే, ఏ కాలేజీయో విడిగా చెప్పక్కర్లేదు. ఊరు కలిస్తే కాలేజీ కూడా కలిసినట్టే. స్పెషాలిటీ జనరల్ మెడిసిన్. అది అన్నిటికంటే సాధారణమైన శాఖల్లో ఒకటి. పైగా ఇంట్లో పెద్దవాడు ఏం చదివాడో చూసి చిన్నవాడు అదే చదవడం మనకి తెలిసిందే.

కాబట్టి ఆ ఆరింటినీ కలిపి చూస్తే తెలిసేది ఒకే ఒక్క సంగతి: ఒక తాతకి డాక్టర్లయిన మనవలు ఇద్దరు ఉండొచ్చు. ఒకే బావిలో నీళ్లు ఆరు బిందెల్లో తెచ్చి, ఆరు బావులు చూశామన్నట్టుంది ఆ రిపోర్టు. కలిసిన వివరాలు ఎన్ని అని లెక్కపెట్టడం కాదు, ఒకటి తెలిసినంత మాత్రాన రెండోది ఊహించగలమా అని చూడాలి. ఊహించగలిగితే ఆ రెండిటినీ ఒకటిగానే లెక్కవేయాలి.

జిల్లా పేరు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది రెండు వైపులా తప్పుదారి పట్టిస్తుంది. వీళ్ల ఊరు సంతకవిటి మండలంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస, వంగర మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకి వచ్చాయి. ఇప్పటి కాగితాల్లో విజయనగరం జిల్లా, పాతవాటిలో శ్రీకాకుళం జిల్లా. జిల్లా వేరు కాబట్టి మనిషి వేరు అనడానికీ లేదు, ఒకటే కాబట్టి మనిషి ఒకటే అనడానికీ లేదు. పార్వతీపురం వైపు ఇంకా చిక్కు. 1979కి ముందు పుట్టినవాళ్లకి శ్రీకాకుళం, ఆ తర్వాత విజయనగరం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఒకే ఇంట్లో మూడు తరాల వాళ్ల సర్టిఫికెట్లలో మూడు జిల్లాలు కనిపిస్తాయి. నేను జిల్లా పేరుని పోలికలో అసలు వాడను, మండలం, గ్రామం వరకే చూస్తాను.

నంబరుతో ఒకలా, పేరుతో ఒకలా

ఆ రిపోర్టులో నాకు కనిపించిన అసలు లోపం వేరే ఉంది, అది ఈ వృత్తిలో చాలాచోట్ల చూస్తున్నాను. అభ్యర్థి అర్హత చూసేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరుతో వెతికారు. అభ్యర్థి తప్పులు వెతికేటప్పుడు మాత్రం నంబరు పక్కనపెట్టి పేరుతో వెతికారు. మంచి చెప్పే రికార్డుకి కచ్చితమైన గుర్తింపు కావాలన్నారు, చెడు చెప్పే రికార్డుకి పేరు కలిస్తే చాలనుకున్నారు. న్యాయంగా అయితే తిరగబడాలి. మనిషి ఉద్యోగం పోగొట్టే కాగితానికే ఎక్కువ కచ్చితత్వం అవసరం.

దీనికి ఒక కారణం ఉంది. వినియోగదారుల ఫోరాల ఉత్తర్వుల్లో, కోర్టు రికార్డుల్లో మనుషులు పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, చిరునామాలతో కనిపిస్తారు. డాక్టర్ల కౌన్సిల్ నంబరు అందులో ఉండాలన్న నియమం లేదు. ఫిర్యాదు చేసేవాళ్లకి అది తెలియకపోవచ్చు కూడా. 1995లో సుప్రీంకోర్టు ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని చెప్పింది. అప్పటి నుంచి డాక్టర్ల పేర్లతో ఉత్తర్వులు పెరిగాయి, తర్వాత అవి ఇంటర్నెట్లోకి వచ్చాయి. పేరు పెట్టి వెతికితే దొరుకుతాయి. నంబరు పెట్టి వెతికితే చాలావరకు దొరకవు.

రిజిస్టరు అలా కాదు. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులోని ఇండియన్ మెడికల్ రిజిస్టరులో ఎవరైనా వెతకొచ్చు. పేరు, తండ్రి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం, ఏ రాష్ట్ర కౌన్సిల్, ఏ డిగ్రీ, ఏ సంవత్సరంలో, ఏ విశ్వవిద్యాలయం నుంచి అన్నది కనిపిస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. నంబరు ఒక్కటే చాలదు. రాష్ట్ర కౌన్సిళ్లు ఎవరి వరుస వాళ్లు ఇస్తాయి కాబట్టి ఒకే నంబరు రెండు రాష్ట్రాల్లో ఇద్దరు వేరు వేరు డాక్టర్లకి ఉండొచ్చు. నంబరు, కౌన్సిల్, సంవత్సరం మూడూ కలిపి రాసుకుంటేనే అది ఒక మనిషిని చూపిస్తుంది. 2024 ఆగస్టులో ప్రారంభించిన నేషనల్ మెడికల్ రిజిస్టరు ఆధార్‌తో ముడిపెట్టి ప్రతి డాక్టరుకీ దేశమంతటికీ ఒకే గుర్తింపు ఇవ్వడానికి వచ్చింది. అది పూర్తిగా నిండితే ఈ చిక్కు చాలా తగ్గుతుంది. పాత రికార్డులు మాత్రం పాతవే కదా.

ఆయన ఎందుకు నోరు విప్పలేదు

నేను సూర్యనారాయణ గారిని ఆయన ఇంట్లోనే కలిశాను. రిపోర్టు చూపించాను. ఆయన నెమ్మదిగా చదివి బల్ల మీద పెట్టారు. 'ఇది నేను కాదండీ' అన్నారు. మరి ఎవరో తెలుసా అంటే మాట్లాడలేదు. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి 'చెప్పీయండి, మన పిల్లల సంగతి కూడా చూసుకోవాలి కదా' అన్నారు. ఆయన ఒప్పుకోలేదు.

చాలాసేపటికి చెప్పారు. అది వాళ్ల పెదనాన్నగారి అబ్బాయి. చిన్నప్పుడు తనని సైకిలు మీద బడికి తీసుకెళ్లినవాడు, మెడిసిన్ ఎంట్రన్స్‌కి దగ్గర కూర్చోబెట్టుకుని చదివించినవాడు. 'నేను కాదు అన్నాను. అన్నయ్యే అని నా నోటితో ఎలా చెప్పమంటారు? ఆయన శిక్ష ఆయన ఎప్పుడో అనుభవించేశాడు. ఇప్పుడు మళ్లీ నా ఉద్యోగం కోసం ఆ కాగితాలు తీసి పదిమందిలో పెట్టాలా?'

ఈ మాట విన్నాక ఆ మనిషి మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. అదే సమయంలో, ఇలాంటి రిపోర్టులు మనుషుల్ని ఎలాంటి ఇరుకులోకి నెడతాయో కూడా తెలిసింది. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరిని అనుమానిస్తే, నిర్దోషి అని రుజువు చేసుకోవడానికి రెండో మనిషిని చూపించమని అడిగినట్టవుతుంది. అపరిచితుడైతే చూపిస్తారేమో. అన్నయ్యని చూపించడం ఈ ఊళ్లలో చాలామంది చేయలేని పని. చేయకపోతే, ఏదో దాస్తున్నాడు అనుకుంటారు.

అందుకే ఆయనకి ఒక మాట ఇచ్చాను. మీ అన్నయ్యగారి పేరు, బంధుత్వం నా రిపోర్టులో ఎక్కడా రాయను, మీరూ చెప్పక్కర్లేదు, మీ కాగితాలు మాత్రం ఇవ్వండి అన్నాను. ఆ రికార్డు ఎవరిదో తేల్చడం నా బాధ్యత కాదు. ఈయనదా కాదా అన్నంతవరకే నన్ను అడిగారు.

ఎలా తేల్చాను

పొరుగు రాష్ట్ర కౌన్సిల్ని ఎంచుకుని ఇండియన్ మెడికల్ రిజిస్టరులో అదే పేరు వెతికాను. ఒక ఎంట్రీ దొరికింది. ఎంబీబీఎస్ 1988, ఆంధ్ర విశ్వవిద్యాలయం. మన అభ్యర్థి పుట్టింది 1976లో. 1988లో ఆయనకి పన్నెండేళ్లు. ఆ ఎంట్రీ ఆయనది అయ్యే అవకాశమే లేదు.

విశ్వవిద్యాలయం పేరు కూడా ఇక్కడ సాక్ష్యం చెప్పింది. ఇది పాత రికార్డులు చూసేవాళ్లకి బాగా పనికొచ్చే సంగతి. రాష్ట్రంలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 1986లో విజయవాడలో ఏర్పడింది, 1998లో దానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు. 1986కి ముందు చేరిన విశాఖ మెడికోల డిగ్రీ ఆంధ్ర విశ్వవిద్యాలయానిది. కాలేజీ ఒకటే, క్లాసురూములు ఒకటే, పట్టా ఇచ్చిన సంస్థ వేరు. 1994లో చేరి 2000లో ముగించిన మన అభ్యర్థి పట్టా మీద ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరుంది. మొదటి రిపోర్టులో 'కాలేజీ సరిపోయింది' అని రాసినవాళ్లు పక్క గడిలోని విశ్వవిద్యాలయం పేరు చూసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

తర్వాత ఫోరం ఉత్తర్వుని పూర్తిగా చదివాను. చాలామంది మొదటి పేజీ, ఆఖరి పేజీ చూసి వదిలేస్తారు. మధ్యలో, ఎదుటి పక్షం వాదన దగ్గర, ఆ డాక్టరు తాను 1990ల మొదటి నుంచి ఎం.డి.గా ప్రాక్టీసు చేస్తున్నానని చెప్పుకున్న వాక్యం ఉంది. మన అభ్యర్థి 2008లో ఎం.డి. కాదు. ప్రభుత్వ సర్వీసులో ఉంటూ ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ సీటు తెచ్చుకుని, 2007 నుంచి 2010 దాకా విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో పీజీ చేస్తున్నారు. ఆయన పేరు పక్కన రిజిస్టరులో ఎం.డి. అదనపు అర్హతగా ఎక్కింది 2010 డిగ్రీతో. సర్వీసు రిజిస్టరులో ఆ మూడేళ్లు స్పష్టంగా ఉన్నాయి. రోగి చేరిన వారంలో ఆయన విశాఖలో డ్యూటీలో ఉన్నట్టు చూపే కాగితం కూడా ఇచ్చారు.

ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చే వివరాలు కావు. పుట్టిన సంవత్సరం, డిగ్రీ సంవత్సరం, పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం, ఘటన జరిగినప్పుడు మనిషి ఎక్కడున్నాడన్నది. తాత పేరు వల్లో ఊరి వల్లో ఇవి కలవవు. అటు పోలికలు ఆరైనా, అసాధ్యమైన తేడా ఒక్కటి చాలు.

మేనేజరు గారు ఒక ప్రశ్న అడిగారు, మంచి ప్రశ్నే. 'ఈయనకి కూడా ఆ రాష్ట్రంలో రెండో రిజిస్ట్రేషన్ ఉండొచ్చు కదా? ఇక్కడ శుభ్రంగా ఉండి, అక్కడ శిక్ష పడి ఉండొచ్చు కదా?' అలా జరిగే వీలు ఉంది కాబట్టి ఆ కౌన్సిల్ కింద ఆ పేరుతో ఉన్న ఎంట్రీలన్నీ చూశాను. ఉన్నది ఒకటే, 1988 డిగ్రీది. దాంతోపాటు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, అంటే ఈ డాక్టరు మీద చర్యలేమీ లేవని కౌన్సిల్ ఇచ్చే పత్రం, తెప్పించమని డాక్టరు గారికి చెప్పాను. అది పేరు మీద కాదు, ఆయన రిజిస్ట్రేషన్ నంబరు మీద వస్తుంది. విదేశాలకి వెళ్లేవాళ్లే అది తీసుకుంటారని చాలామంది అనుకుంటారు. ఒకే పేరు తగాదాల్లో అంతకంటే సులువైన, గౌరవమైన కాగితం ఇంకోటి లేదు. 'ఫలానావాడు నేను కాదు' అని చెప్పుకోనక్కర్లేకుండా 'నేను వీణ్ని, నా మీద ఏమీ లేదు' అని చెప్పేస్తుంది.

ఎలా కలిసిపోయాయి

ఇద్దరి రికార్డులూ మొదట కలిసింది ఆ అపాయింట్‌మెంట్ల వెబ్‌సైటులో. డాక్టర్లు అడగకుండానే అలాంటి చోట్ల పేజీలు తయారవుతుంటాయి, దొరికిన సమాచారమంతా ఒకచోట పోస్తారు. ఫోటో తమ్ముడిది, ఎక్కడో ఒక వైద్యశిబిరం వార్తలోంచి తీసుకున్నది. క్లినిక్ చిరునామా అన్నయ్యది. అనుభవం కింద ముప్పై ఏళ్లకు పైగా అని ఉంది, అది అన్నయ్యది. కింద రోగులు రాసిన అభిప్రాయాల్లో విజయనగరం ప్రస్తావనలూ ఉన్నాయి, పొరుగు రాష్ట్రం ప్రస్తావనలూ ఉన్నాయి. తమ్ముడి ఫోటోని అన్నయ్య చిరునామాకి కట్టిన తర్వాత, పేరుతో వెతికే ఎవరికైనా ఫోరం ఉత్తర్వులోని మనిషికి ముఖం దొరికినట్టే.

దీనివల్ల అన్నయ్యకీ నష్టమే జరిగింది. తమ్ముడు రాసిన ఒకటి రెండు కేసు రిపోర్టులు (రోగుల కేసుల మీద రాసే పరిశోధన పత్రాలు) అన్నయ్య పేజీలో అన్నయ్యవిగా కనిపిస్తున్నాయి. ఎవరైనా అడిగితే లేనిది చెప్పుకుంటున్నాడని అనుకుంటారు. తెలుగు పేర్లు పరిశోధన పత్రాల్లో ఇంకా గందరగోళంగా వస్తాయి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటుని తిప్పేసి, ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసి వెనక పెడతారు. అప్పుడు వందల మంది సూర్యనారాయణలు 'సూర్యనారాయణ కె' అయిపోతారు. పరిశోధకుల కోసం 2012లో వచ్చిన ఆర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు ఉచితంగానే దొరుకుతుంది. రిమ్స్‌లోనో అంబేద్కర్ యూనివర్సిటీలోనో పత్రాలు రాస్తున్న పిల్లలు నన్ను అడిగితే మొదటి పత్రానికి ముందే తీసుకోమని చెబుతాను.

మిగతా వృత్తుల్లో కూడా ఇదే తీరు. కంపెనీ డైరెక్టర్లకి డిన్ అనే ఎనిమిది అంకెల నంబరుంది. 2017 సెప్టెంబరులో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ మూడు లక్షలకు పైగా డైరెక్టర్లని అనర్హులుగా ప్రకటించినప్పుడు, జాబితాలో డిన్ ఉన్నా జనం పేరు చూసుకుని కంగారుపడ్డారు. లాయర్లకి ఎన్‌రోల్‌మెంట్ నంబరులోనే సంవత్సరం ఉంటుంది, అందుకని వాళ్ల విషయం కాస్త నయం. చార్టర్డ్ అకౌంటెంట్లకి సభ్యత్వ నంబరుతో పాటు 2019 నుంచి వాళ్లు సంతకం పెట్టే ప్రతి సర్టిఫికెట్‌కీ యూడిన్ అనే విడి నంబరు వస్తోంది. ఈ నంబర్లన్నీ ఉన్నాయి. వెతికేవాళ్లే వాటిని వాడటం లేదు.

తర్వాత జరిగింది

నా రిపోర్టులో మూడు విషయాలే రాశాను. జతచేసిన ఉత్తర్వు, వార్త ఈ అభ్యర్థివి కావు. ఎందుకు కావో నాలుగు తేదీలతో సహా కారణం. వెబ్‌సైటు పేజీలో ఒకరికంటే ఎక్కువమంది సమాచారం కలిసింది, దాన్ని ఆధారంగా తీసుకోకూడదు. ఆ రికార్డులు మరి ఎవరివి అన్న ప్రశ్నకి 'ఈ పరిశీలన పరిధిలో లేదు' అని రాశాను. మేనేజరు గారు ఫోన్లో అడిగారు, అయినా చెప్పలేదు. ఆయన అర్థం చేసుకున్నారు.

మొదటి సంస్థకి కూడా నా కాగితాలు పంపమని ఆసుపత్రిని కోరాను. ఎందుకంటే వాళ్ల దగ్గర ఆ పాత నోట్ అలాగే ఉంటే, రేపు ఇంకో ఆసుపత్రి అడిగినప్పుడు మళ్లీ అదే బయటికొస్తుంది. తప్పు రిపోర్టు ఒకచోట సరిదిద్దితే సరిపోదు, పుట్టినచోటే సరిదిద్దాలి. వాళ్లు రిపోర్టు వెనక్కి తీసుకుంటూ లేఖ ఇచ్చారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఒక నిబంధన ఉంది. ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడే సమాచారం సరిగ్గా, పూర్తిగా ఉండేలా చూడాల్సిన బాధ్యత దాన్ని వాడేవాళ్లదే. ఆ బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వచ్చేలా పెట్టారు. పూర్తిగా వచ్చాక ఈ రంగంలో పేరుతో వెతికి రిపోర్టు రాసే పద్ధతి మారుతుందని నా ఆశ.

వెబ్‌సైటు పేజీని విడదీయించడానికి ఎక్కువ సమయం పట్టింది. మొదట మెయిళ్లకి యాంత్రికమైన జవాబులొచ్చాయి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జతచేసి, ఫోటో ఒకరిది, నంబరు ఇంకొకరిది అని గడి గడికీ చూపిస్తే అప్పుడు కదిలారు. ఇప్పుడు రెండు పేజీలున్నాయి. రెండింటి మీదా నంబరుతో పాటు కౌన్సిల్ పేరు ఉంది.

ఈ మధ్యలో నేను అనుకోని ఫోను ఒకటి వచ్చింది, అన్నయ్య నుంచి. తమ్ముడు చెప్పలేదట, మరదలు చెప్పిందట. 'నా కౌన్సిల్ ఆర్డరు కాపీలో నంబరు స్పష్టంగా ఉందండీ. కావాలంటే పంపిస్తాను, నా పేరు రాసుకున్నా పర్లేదు. వాడి ఉద్యోగం పోకూడదు' అన్నారు. అప్పటికే పని అయిపోయిందని, అవసరం లేదని చెప్పాను. అయినా పంపించారు. నంబరు 1988 ఎంట్రీతో సరిపోయింది. ఫైల్లో పెట్టలేదు, ఆయనకే తిరిగి ఇచ్చేశాను.

తమ్ముడు ఆసుపత్రిలో చేరారు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం డాక్టరు ప్రతి ప్రిస్క్రిప్షన్ మీదా రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. ఆయన నంబరు, కౌన్సిల్, సంవత్సరం మూడూ వేయించుకున్నారు. తండ్రి పేరు కుదించకుండా పూర్తిగా రాయించడానికి కౌన్సిల్‌కి దరఖాస్తు కూడా పెట్టారు. ఫోరం ఉత్తర్వు మాత్రం ఇంటర్నెట్లో అలాగే ఉంది, ఉండాల్సిందే. అది బహిరంగ రికార్డు, తీసేయమని అడిగే హక్కు మనకి లేదు. ఆసుపత్రి హెచ్ఆర్ ఫైల్లో గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ పైన ఒక చిన్న నోటు పెట్టించాను: ఈ పేరుతో ఇంకో రిజిస్ట్రేషన్ ఉంది, నంబరు చూడకుండా ఏ రికార్డునీ ఈ ఫైలుకి జతచేయవద్దు.